గడియారం లేని ఊళ్లో మాత్రల వేళ

మహమ్మారులు – మనుషులు: 17వ భాగం

1996 జులైలో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు నుంచి డాక్టర్లు కొత్త ఊపిరి పోసుకుని వెళ్లారు. మూడు మందులు కలిపి ఇస్తే రక్తంలో వైరస్ కనబడనంతగా అణగిపోతోందని అక్కడ తేలింది. ఎముకల గూడై మంచం పట్టినవాళ్లు కొన్ని నెలల్లోనే లేచి తిరిగారు, ఉద్యోగాలకు వెళ్లారు. అమెరికాలో, ఐరోపాలో ఎయిడ్స్ చావులు చూస్తుండగానే తగ్గుముఖం పట్టాయి. గత భాగంలో మనం ఆగింది అక్కడే.

ఆ మందుల ఖర్చు మనిషికి ఏడాదికి 10,000 నుంచి 15,000 డాలర్లు. 2000 చివరికి ప్రపంచంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు సుమారు 3 కోట్ల 60 లక్షలు. వాళ్లలో రెండున్నర కోట్ల మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాలవాళ్లు. వాళ్లకు ఈ మందులు కొనిపెట్టే స్తోమత అక్కడి ప్రభుత్వాలకు లేదు. ఇచ్చే స్తోమత ఉన్న దేశాలకు అప్పటికింకా మనసు రాలేదు.

ధర ఒక్కటే అడ్డమైతే చందాలతోనో అప్పులతోనో కొంతైనా దాటేవాళ్లేమో. దానికి తోడు మరో మాట గట్టిగా వినబడేది. పేదవాళ్లు ఈ మందులు సరిగా వేసుకోలేరన్నదే ఆ మాట. రోజూ వేళ తప్పకుండా వేసుకోవాలి, జీవితాంతం వేసుకోవాలి, మధ్యలో మానేస్తే వైరస్ మందుకు లొంగకుండా మొండికేస్తుంది. ఈ మూడూ నిజాలే. వాటి నుంచి లాగిన ముగింపే ఘోరం: చదువు లేనివాళ్లకు, ఆసుపత్రులు లేని ఊళ్లవాళ్లకు ఈ మందులివ్వడం వృథా, పైగా ప్రమాదం అని. ఈ వాదన చేసింది దారిన పోయేవాళ్లు కాదు. అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌కు అధిపతిగా ఉన్న ఆండ్రూ నాట్సియోస్ 2001లో ఇదే వాదించారు. ఆఫ్రికాలో చాలామంది జన్మలో గడియారం చూసి ఎరగరు, ఏ వేళకు ఏ మాత్ర అంటే వాళ్లకెలా తెలుస్తుందన్నది ఆయన మాటల సారాంశం. దాని మీద పెద్ద దుమారమే రేగింది.

అప్పటికే ఆ మాటకు జవాబు తయారవుతోంది. మంత్రిత్వ శాఖల్లో కాదు, కొండ మీది ఒక చారిటీ ఆసుపత్రిలో, ఒక మురికివాడ క్లినిక్‌లో, రోగులు తామే పెట్టుకున్న సంఘాల్లో.

ఆ సంఘాల్లో ముందుగా చెప్పుకోవాల్సింది ఉగాండాలోని టాసో. నోరీన్ కలీబా కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆమె భర్త క్రిస్టఫర్ చదువుకోసం ఇంగ్లండు వెళ్లి అక్కడ జబ్బుపడ్డారు. 1986లో అది ఎయిడ్స్ అని తేలింది. ఒక ప్రమాదం తర్వాత ఎక్కించిన రక్తం ద్వారా వచ్చి ఉంటుందని ఆ కుటుంబం నమ్మింది. ఇంగ్లండు ఆసుపత్రిలో నర్సులు ఆయన్ని ముట్టుకుని, మాట్లాడి, మనిషిలా చూశారు. స్వదేశానికి తెచ్చాక అదే ఆదరణ దొరకలేదు. ఆసుపత్రి సిబ్బందే దగ్గరికి రావడానికి జంకారు. 1987 జనవరిలో ఆయన చనిపోయారు. అదే ఏడాది నోరీన్, మరో 15 మంది కలిసి టాసో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది రోగులే. సంఘం కాళ్లూనుకోకముందే వాళ్లలో చాలామంది వెళ్లిపోయారు.

అప్పటికి మందు లేదు. మరి వాళ్లేం చేశారు? ఇంటికి వెళ్లి పుండ్లు కడిగారు. నోటి పూతకు, విరేచనాలకు, క్షయకు దొరికిన మందులిప్పించారు. భార్యకు ఎలా చెప్పాలి, పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలి, పొలం ఎవరి పేర రాయాలి అని కూర్చుని మాట్లాడారు. పైకి చిన్న పనులే. కానీ రోగమొచ్చిందని బయటికి చెప్పుకున్నవాడిని వెలివేయని చోటు ఒకటి ఉందని ఊరికి తెలిశాకే మిగిలినవాళ్లు పరీక్షకు ముందుకొచ్చారు. నివారణ వేరు, చికిత్స వేరు, సేవ వేరు అని కాగితం మీద గీసే గీతలు ఆ ఇళ్లలో నిలవలేదు. జాంబియాలో సాల్వేషన్ ఆర్మీ నడిపే చికంకాటా ఆసుపత్రి కూడా దాదాపు ఆ రోజుల్లోనే రోగుల ఇళ్లకు వెళ్లి చూడటం మొదలుపెట్టింది. మంచాలు చాలక మొదలైన పని అది, తర్వాత ఎన్నో దేశాలకు నమూనా అయింది.

ఇక హైతీ. ఆ దేశపు మధ్య పీఠభూమిలో కాంజ్ అనే కుగ్రామం ఉంది. 1956లో పెలీగ్ర్ ఆనకట్ట కట్టినప్పుడు నది ఒడ్డున పచ్చటి పొలాలు మునిగిపోయాయి. ఆ రైతులు కొండ మీదికి ఎక్కి, రాళ్ల మధ్య గుడిసెలు వేసుకున్న ఊరు అది. ఆనకట్టలో పుట్టిన కరెంటు రాజధానికి పోయింది, కాంజ్‌లో మాత్రం చీకటి మిగిలింది. శ్రీశైలం రిజర్వాయరు కింద ఊళ్లు పోగొట్టుకున్న పాఠకులకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. అమెరికాలో వైద్యం చదువుతున్న పాల్ ఫార్మర్ 1980లలో అక్కడికి చేరి, స్థానికులతో కలిసి క్లినిక్ పెట్టారు. దాని పేరు జాన్మి లాసాంతే. దాని వెనక నిలబడేందుకు 1987లో బోస్టన్‌లో పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంస్థ ఏర్పడింది. దానికి తొలి రోజుల్లో డబ్బు పెట్టింది టామ్ వైట్ అనే బోస్టన్ కాంట్రాక్టరు. ఆయన జీవితకాలంలో తన ఆస్తి దాదాపు మొత్తం దానాలకే ఇచ్చేశారు.

ఎయిడ్స్ మందుల కంటే ముందు కాంజ్‌లో క్షయ మీద ఒక పాఠం నేర్చుకున్నారు. ఉచితంగా మందులిచ్చినా కొందరికి నయం కావడం లేదు. రోగులు మూఢనమ్మకాల వల్ల మానేస్తున్నారా అని వెతికితే, ఆ నమ్మకాలకూ మందు మానేయడానికీ సంబంధమే కనబడలేదు. తేడా అంతా తిండిలో, దారి ఖర్చుల్లో ఉంది. మందుతో పాటు నెలకింత డబ్బు, తిండి, ఇంటికొచ్చి పలకరించే మనిషి ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ నయమైంది. నిందించాల్సింది రోగిని కాదని తేలింది. ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే విలువైన పరిశీలన లేదని చెప్పినా అతిశయోక్తి కాదు.

1998లో అదే పద్ధతిని ఎయిడ్స్ మందులకు వాడారు. ప్రతి రోగికీ అదే ఊరి నుంచి ఒక తోడు కార్యకర్తను పెట్టారు. పెద్ద చదువులు అక్కర్లేదు. కొద్దిపాటి శిక్షణ, నెలకు కొంత జీతం. పొద్దున్నే ఆ మనిషి మాత్రల పొట్లం పట్టుకుని కాలిబాటన నడిచి రోగి ఇంటికి వెళ్లాలి. మాత్రలు చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, మింగేదాకా ఉండాలి. ఆ ఐదు నిమిషాల్లోనే చాలా సంగతులు కనబడతాయి. పొయ్యి వెలిగిందా లేదా, పిల్లాడు బడికి వెళ్లాడా, ఇంటి కప్పు కారుతోందా, రోగి ఒంటి మీద దద్దుర్లేమైనా లేచాయా అన్నీ తెలుస్తాయి. కనబడ్డది క్లినిక్‌కు చేరవేయాలి. రోగి ఇంట్లో గడియారం ఉండక్కర్లేదు. తోడు మనిషి రావడమే వేళ.

2001 నాటికి అలా మందులు తీసుకుంటున్నవాళ్లు 60 మంది దాకా ఉన్నారు. దాదాపు అందరూ కోలుకున్నారు. బరువు పెరిగారు, చాలామంది పనుల్లోకి దిగారు. ఆ ఏడాది ఆగస్టులో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అరవై మందంటే సముద్రంలో కాకిరెట్టంత అని పెదవి విరిచినవాళ్లున్నారు. అయితే "అసాధ్యం" అన్న మాటను కొట్టేయడానికి అరవై మంది చాలు. ఇంకో సంగతీ బయటపడింది. చావు ఖాయమన్నప్పుడు పరీక్ష చేయించుకోవడానికి ఎవరొస్తారు? ఎదురింటి మనిషి లేచి నడవడం చూశాక జనం తమంతట తామే క్లినిక్‌కు వచ్చారు. చికిత్సకు డబ్బు పెడితే నివారణకు తగ్గిపోతుందన్న లెక్క కాంజ్‌లో తలకిందులైంది.

ఈలోగా ధర సంగతి ముంబయిలో తేలింది. మన దేశపు 1970 పేటెంట్ చట్టం మందుల తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు కాదు. వేరే పద్ధతిలో అదే మందు తయారు చేసుకుంటే అడిగేవాడు లేడు. సిప్లా అధినేత యూసుఫ్ హమీద్ ఆ వెసులుబాటుతో మూడు మందుల్ని ఒకే మాత్రలో కలిపారు. 2000 సెప్టెంబరులో బ్రసెల్స్‌లో జరిగిన సమావేశంలో ఏడాది మందులు 800 డాలర్లకే ఇస్తానన్నారు. పెద్దగా ఎవరూ స్పందించలేదు. 2001 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లో పుట్టిన వైద్య సేవా సంస్థ మెదసాఁ సాఁ ఫ్రాంతియేర్‌కు ఇంకా తగ్గించి చెప్పారు. ఉచితంగా పంచితే 350 డాలర్లకే ఇస్తానన్నారు. అంటే రోజుకు డాలరు లోపే. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆ వార్త వచ్చిన నాటి నుంచి పదివేల డాలర్ల ధరను సమర్థించడం ఎవరికీ సాధ్యం కాలేదు. వ్యాపారి లాభం మానుకుంటానని ముందుకొచ్చినా, ఆ మందును కొని, రోగి చేతిలో పెట్టి, ఫలితం చూపించే సంస్థ ఒకటి ఉండాలి కదా. ఆ పని మురికివాడల క్లినిక్‌లు చేశాయి.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరానికి శివార్లలో ఖయెలిత్శా ఉంది. వర్ణవివక్ష రోజుల్లో నల్లవాళ్లను ఊరికి దూరంగా తోసేసిన చోటు అది. ఇసుక నేల మీద రేకుల ఇళ్లు. మెదసాఁ సాఁ ఫ్రాంతియేర్ అక్కడ 2000లో మూడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఎయిడ్స్ క్లినిక్‌లు తెరిచింది. నడిపింది ఎరిక్ గూమేర్ అనే బెల్జియం డాక్టరు. అప్పటి దేశాధ్యక్షుడు థాబో ఎంబెకీ ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీయే కారణమన్న విషయాన్నే శంకించేవారు. ఆరోగ్య మంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ గుణాలు వల్లించేవారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు దొరికేవి కావు. ఆ ఆలస్యం వల్ల 2000–2005 మధ్య మూడు లక్షల ముప్ఫై వేలకు పైగా నిండు ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత లెక్క తేల్చారు.

2001 మే నెలలో ఖయెలిత్శాలో మందులు మొదలయ్యాయి. అందరికీ ఇచ్చేంత లేవు. క్లినిక్‌కు చెప్పిన రోజుకు చెప్పిన వేళకు వస్తున్నారా, ఇంట్లో ఒక్కరికైనా విషయం చెప్పారా అని చూసేవారు. ఎవరికి మొదట ఇవ్వాలో ఒక కమిటీ నిర్ణయించేది. రోగి పేరు కమిటీ సభ్యులకు తెలియనిచ్చేవారు కాదు. ఎంపిక కానివాళ్ల గతేమిటో అందరికీ తెలుసు. ఆ గదిలో కూర్చుని తలూపాల్సి వచ్చిన మనుషుల బాధను ఏ నివేదికా సరిగా చెప్పలేదు.

ఈ క్లినిక్‌లకు అండగా నిలిచింది ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్. 1998 డిసెంబరు 10న కేప్‌టౌన్‌లో పుట్టిన ఉద్యమం ఇది. నాయకుడు జాకీ అచ్మత్‌కు హెచ్‌ఐవీ ఉంది. మందు కొనుక్కోగలిగీ, ప్రభుత్వ ఆసుపత్రిలో పేదవాడికి దొరికేదాకా తాను ముట్టనని భీష్మించారు. సాక్షాత్తూ నెల్సన్ మండేలా ఇంటికొచ్చి బతిమాలినా వినలేదు. 2003లో గానీ మొదలుపెట్టలేదు. ఈ ఉద్యమం చేసిన పనుల్లో ఊరేగింపులు, కోర్టు కేసులు అందరికీ గుర్తున్నాయి. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా నెవిరపిన్ మందు ఇవ్వాల్సిందేనని 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది కూడా వీళ్ల కేసులోనే. కానీ ఇంతకంటే లోతైన పని ఒకటుంది. బడి మధ్యలో మానేసిన ఆడవాళ్లు సీడీ4 కణాలంటే ఏమిటో, ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో, ఏ దుష్ప్రభావానికి భయపడాలో నేర్చుకుని, క్లినిక్ వరండాల్లో తోటి రోగులకు పాఠాలు చెప్పారు. "హెచ్‌ఐవీ పాజిటివ్" అని పెద్ద అక్షరాలు రాసిన టీషర్టులు వేసుకుని వీధుల్లో తిరిగారు. 1998లో గుగు ద్లామిని అనే ఆమె తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పినందుకు ఇరుగుపొరుగే కొట్టి చంపిన దేశం అది. ఆ టీషర్టు వేసుకోవడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు. 2002 డిసెంబరులో ఖయెలిత్శా వచ్చిన మండేలా అదే టీషర్టు తొడుక్కున్నారు.

ఖయెలిత్శాలో మొదటి 287 మంది రోగుల వివరాలు 2004లో అచ్చయ్యాయి. అక్కడికి చేరేసరికి వాళ్లలో చాలామంది జబ్బు ముదిరినవాళ్లే. అయినా రెండేళ్ల తర్వాత నూటికి 86 మంది బతికి ఉన్నారు. 2006లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఇంకో లెక్క వచ్చింది. ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, మందులు సక్రమంగా వేసుకుంటున్నవాళ్లు ఉత్తర అమెరికాలో నూటికి 55 మంది, ఆఫ్రికాలో 77 మంది. గడియారాల వాదన అక్కడితో ముగిసింది.

పెద్ద డబ్బు కదిలింది ఈ చిన్న క్లినిక్‌ల తర్వాతే. 2002లో పేద దేశాల్లో ఎయిడ్స్ మందులకు డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్ వచ్చింది. 2003 జనవరి 28న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లిచ్చే పథకాన్ని ప్రకటించారు. మందుల ధర ఏడాదికి 300 డాలర్ల లోపుకు దిగిందన్న సంగతి ఆ ప్రకటన చేసిన ప్రసంగంలోనే ఉంది. సిప్లా మందుల్ని సాహసించి ఉగాండాకు తెప్పించిన కంపాలా డాక్టరు పీటర్ ముగ్యేని ఆ రోజు సభలో అతిథి. అదే ఏడాది ఉగాండాలోని టొరోరోలో టాసో, అమెరికా పరిశోధకులతో కలిసి, వారం వారం మోటారు సైకిళ్ల మీద రోగుల ఇళ్లకు మందులు చేరవేయడం మొదలుపెట్టింది. పదహారేళ్ల కిందట ఉత్త చేతులతో వెళ్లిన సంఘం ఈసారి మందులు పట్టుకుని వెళ్లింది. అయితే బుష్ పథకం డబ్బుకు షరతులు తగిలించారు. నివారణ నిధుల్లో మూడో వంతు పెళ్లిదాకా బ్రహ్మచర్యం బోధించడానికే పెట్టాలన్నారు. వ్యభిచార వృత్తిని ఖండిస్తామని సంస్థలు రాసివ్వాలన్నారు. ఆ సంతకం పెట్టడానికి ఒప్పుకోక బ్రెజిల్ 2005లో 4 కోట్ల డాలర్లు వదులుకుంది. సెక్స్ వర్కర్లను తప్పించి ఎయిడ్స్‌ను ఆపడం కుదరదని బ్రెజిల్‌కు అనుభవంతో తెలుసు. అది సరైన నిర్ణయం.

ఈ కథలో తెలుగువాళ్ల పాత్ర రెండు వైపులా ఉంది. 2003 అక్టోబరులో బిల్ క్లింటన్ ఫౌండేషన్ మందుల కంపెనీలతో కుదిర్చిన ఒప్పందంతో ఏడాది ఖర్చు 140 డాలర్ల లోపుకు దిగింది. అందులో ఒక కంపెనీ హైదరాబాదుకు చెందిన మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్. ముడిమందు ఖర్చు ఎక్కడ తగ్గుతుందో ఒక్కో రసాయనం లెక్క వేసి, ఆర్డర్లు ముందే ఖాయం చేసి ధర దించారు. ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఔషధ విద్య హైదరాబాదులో ఉండబట్టే అది సాధ్యపడింది. తర్వాతి ఏళ్లలో హెటిరో, అరబిందో మాత్రలు కూడా ఆఫ్రికా క్లినిక్‌ల అల్మారాల్లోకి చేరాయి.

మందు ఎగుమతి చేస్తున్న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే వైరస్ చాలా ఉధృతంగా ఉండేది. 2000ల తొలినాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో నూటికి ఒకరికి పైగా హెచ్‌ఐవీ కనబడింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అవహాన్ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో మొదలైంది, అందులో మనది ఒకటి. కోస్తాలో హిందుస్థాన్ లేటెక్స్ వాళ్ల ట్రస్టు, తెలంగాణ, రాయలసీమల్లో ఇండియా హెచ్‌ఐవీ ఎయిడ్స్ అలయన్స్ దాన్ని నడిపాయి. సెక్స్ వర్కర్లలో నుంచే కార్యకర్తలను తీసుకున్నారు. చదవడం రానివాళ్ల కోసం బొమ్మల కార్డులు తయారుచేశారు. ఎవరిని ఎప్పుడు కలిశారు, కండోమ్‌లు ఎన్ని ఇచ్చారు, ఎవరు క్లినిక్‌కు వెళ్లలేదు, ఎవరిని పోలీసులు కొట్టారు అన్నీ ఆ బొమ్మల మీదే గుర్తులు పెట్టుకునేవారు. సంతకం చేయడం రాని మనుషులు నడిపిన రికార్డులివి. హైవేల పక్కన లారీ డ్రైవర్లకు క్లినిక్‌లు పెట్టారు. మొదటి ఐదేళ్లలో ఆరు రాష్ట్రాల్లో కలిపి లక్ష మందికి వైరస్ సోకకుండా ఆపి ఉండొచ్చని 2011లో లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది. అవహాన్‌కు పదకొండేళ్ల ముందే, 1992లో, కోల్‌కతా సోనాగాచీలో డాక్టర్ స్మరజిత్ జానా వేసిన దారి ఇది. సెక్స్ వర్కర్లను ఉద్ధరించాల్సిన అభాగ్యులుగా చూడకుండా, పనికి నాయకులుగా నిలబెట్టింది ఆయనే.

అటు అనంతపురం జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్‌ఐవీ రోగులకు ఉచితంగా వైద్యం అందించింది. అక్కడి డాక్టర్లు అచ్చేసిన వ్యాసాల్లో ఒక సంగతి పదే పదే కనబడుతుంది. రోగులు ఆలస్యంగా వస్తున్నారు, చాలామంది క్షయ కూడా అంటుకున్నాక వస్తున్నారు. 2004 ఏప్రిల్ 1 నుంచి కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితమయ్యాయి. అయినా పల్లె నుంచి ఈ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు బస్సు చార్జీలు, పోయిన రోజు కూలి, క్యూలో తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనన్న భయం రోగి మీదే పడ్డాయి. కాంజ్‌లో క్షయ రోగుల దగ్గర పాల్ ఫార్మర్ చూసిన అడ్డంకులూ దాదాపు ఇవే.

ఇంత చౌకగా మందు తయారు చేయనిచ్చిన 1970 చట్టం 2005 జనవరి 1 నుంచి మారిపోయింది. ప్రపంచ వాణిజ్య సంస్థకు ఇచ్చిన మాట ప్రకారం మన దేశం మందుకే పేటెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. పాత మందులకు వైరస్ లొంగనివాళ్లకు కావాల్సిన కొత్త మందుల ధర ఏమైంది, నైరోబీలోనూ కేప్‌టౌన్‌లోనూ ఉన్న రోగులు ఢిల్లీ పార్లమెంటు వైపు ఎందుకు చూశారు, ఆ చట్టంలో మూడు (డి) అనే సెక్షను ఎలా చేరింది అన్నది 18వ భాగంలో.